సుంకపు గుమ్మంలో కళాఖండం: బందరు అద్దకం నుంచి బ్రాంకుసి ‘పక్షి’ వరకు

వ్యాససంగ్రహం

విదేశం నుంచి వచ్చిన వస్తువు కళాఖండమా, సరుకా అని నిర్ణయించే అధికారం చరిత్రలో చాలాసార్లు విమర్శకుని కంటె ముందు సుంకపు అధికారి చేతికి వచ్చింది. 1775లో లండన్ సుంకశాఖ పట్టుకున్న మచిలీపట్నం అద్దకపు తెరలు, 1926లో న్యూయార్క్ రేవులో వివాదమైన కాన్‌స్టాంటిన్ బ్రాంకుసి కంచుశిల్పం, నేటి సుంకపట్టికలోని 97వ అధ్యాయం – ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి, ‘కళ’ అనే మాటకు సుంకచట్టం ఇచ్చిన అర్థం ఎలా మారింది, ఆ మార్పులో ఎవరి చేతిపనికి చోటు దొరకలేదు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సుంకం, కలంకారీ, బ్రాంకుసి, అనుకృతి, చిత్రతురగన్యాయం, 97వ అధ్యాయం, హస్తకళ.

ఉపోద్ఘాతం

సంస్కృతంలోని ‘శుల్కం’ తెలుగులో తద్భవమై ‘సుంకం’ అయింది. తత్సమరూపం కన్యకు కట్టిన వెలగా గురజాడ నాటకం పేరులో నిలిచిపోగా, తద్భవరూపం సరుకుకు కట్టే పన్నుగా రేవులకూ సంతలకూ పరిమితమైంది. రెండుచోట్లా ఉన్న పని ఒక్కటే: ఒక గడప దాటి మరో గడపలోకి వెళ్ళేదానికి వెల కట్టడం. వెల కట్టాలంటే ముందు అది ఏమిటో చెప్పాలి.

తెలుగునేల మీద సముద్రవర్తకానికి సంబంధించిన సుంకాల పట్టికల్లో ప్రసిద్ధమైనది కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (శా.శ. 1166, క్రీ.శ. 1244-45). తుఫానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు సర్వస్వంగా హరించేవారనీ, తాను మాత్రం నియమిత శుల్కం తప్ప మరేమీ తీసుకోననీ చక్రవర్తి అందులో అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒకటి చొప్పున సుంకం. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడం, రాగి, సీసం, మిరియాలు వంటి సరుకుల పేర్లు వరసగా వస్తాయి. ఆ పట్టిక వస్తువును దాని ద్రవ్యంతోనే గుర్తిస్తుంది. దంతం దంతమే, దాని మీద ఉలి ఏం చేసిందన్నది ఆ వరసకు పట్టదు. ఏడువందల ఏళ్ళ తరువాత న్యూయార్క్ రేవులో ఒక శిల్పానికి ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే. లోహంతో చేసింది కనుక లోహపు సామానే అన్నారు.

ద్రవ్యం, రూపం అన్న ఈ రెండు కొలతల మధ్య పెనుగులాటగా కళాఖండాల సుంకచరిత్రను చదవవచ్చునన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

బందరు అద్దకం – లండన్ సుంకశాఖ

పదిహేడో శతాబ్దం చివరికి కోరమాండల్ తీరపు అద్దకపు గుడ్డలు ఐరోపా ఇళ్ళలో తెరలుగా, దుప్పట్లుగా, ఆడవారి దుస్తులుగా అల్లుకుపోయాయి. కరక్కాయ కషాయంలోనూ పాలలోనూ నానవేసిన నేత, తుప్పుపట్టిన ఇనుముతో కాచిన కసిమి, పటిక, చిరివేరు ఎరుపు, నీలిమందు – ఇవన్నీ కలిసి ఇచ్చే రంగు ఉతికినకొద్దీ తేటపడేదే గాని వెలిసేది కాదు. ఐరోపా అద్దకందారులకు ఆ రహస్యం అప్పటికి పట్టుబడలేదు. దాంతో ఫ్రాన్సు 1686లో అద్దకపు గుడ్డలను నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని నిలబెట్టుకుంది. ఇంగ్లండు 1700లో చేసిన చట్టం ప్రకారం, 1701 సెప్టెంబరు 29 నుంచి భారతదేశపు అద్దకాలను దేశంలో వాడకానికి దించుకోరాదు. గిడ్డంగిలో పెట్టి తిరిగి బయటి దేశాలకు పంపవలసిందే. 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాళ్ళు వీధిలో అద్దకపు బట్టలు కట్టిన స్త్రీల మీదనే పడి వాటిని చింపారు. 1721లో మరింత కఠినమైన చట్టం వచ్చింది. 1774లో ఇంగ్లండు తన నూలు మిల్లుల మేలు కోసం స్వదేశపు అద్దకాలకు తలుపు తీసింది; మన అద్దకానికి మాత్రం తీయలేదు.

సరిగ్గా ఆ మరుసటి ఏడు జరిగిన సంఘటన ఒకటుంది. లండన్ రంగస్థలాన్ని ఏలుతున్న డేవిడ్ గ్యారిక్ (1717–1779) కలకత్తాలోని ఆంగ్లేయుల నాటకశాలకు సాయం చేశాడు. వారు కృతజ్ఞతగా అతని భార్య ఈవా మారియాకు మంచపు తెరలుగా వాడదగిన అద్దకపు గుడ్డలు కానుక పంపారు. అవి మచిలీపట్నంలో తయారైనవి. హాంప్టన్‌లోని విల్లాలో ఒక గదిని ఆ తెరలకు తగినట్టుగా అమర్చుకున్నారు. మంచం థామస్ చిప్పెండేల్ కార్ఖానాది. అంతా సిద్ధమైన వేళ సుంకశాఖవారు వచ్చి గుడ్డలను పట్టుకుపోయారు.

గ్యారిక్ ఖజానా కార్యదర్శి సర్ గ్రే కూపర్‌కు 1775లో రాసిన లేఖ ఆ కాలపు చమత్కారానికి మంచి నమూనా. బైబిల్లో రాహేలు తన బిడ్డల కోసం ఏడ్చినదానికంటె తన భార్య ఎక్కువగా ఏడుస్తున్నదనీ, అదీ బిడ్డల కోసం కాదు, మొగుడి కోసం కాదు, ఒక అద్దకపు మంచం కోసమనీ అతను మొరపెట్టుకున్నాడు. అర్జీలో చట్టం మీద వాదన లేదు, గుడ్డలోని కళ మీదా వాదన లేదు. ఉన్నదల్లా పలుకుబడి గల మిత్రుడికి నవ్వు తెప్పించి పని చేయించుకునే నేర్పు. తెరలు చివరికి మంచానికి చేరాయి. ఆ మంచమూ, తెరలూ నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఈ సంఘటనను ఆంగ్ల గ్రంథాలు సాధారణంగా గ్యారిక్ జీవితంలోని వినోదంగానో, చిప్పెండేల్ సామాన్ల చరిత్రలో ఒక ఉపకథగానో చెప్తాయి. తెలుగు పాఠకుడు దాన్ని మరో వైపు నుంచి చూడవలసి ఉంటుంది. ఆ మంచాన్ని చేసిన కార్ఖానా పేరు, కొన్న నటుని పేరు, లేఖ అందుకున్న కార్యదర్శి పేరు – అన్నీ నిలిచాయి. బందరులో కలం పట్టిన చేతి పేరు లేదు. పేరు లేకపోవడం మామూలు సంగతిగా కనిపిస్తుంది గాని, కళాఖండానికి సుంకపు మినహాయింపు ఇచ్చే చట్టాలు తరువాతికాలంలో అడిగిన మొదటి ప్రశ్న ‘దీన్ని చేసినవాడెవరు?’ అన్నదే.

అమెరికా చట్టాల్లో కళ

ఆ ప్రశ్నను పదును పెట్టింది అమెరికా. 1883లో అక్కడి ప్రభుత్వం విదేశీ చిత్రాలు, శిల్పాల మీద సుంకాన్ని 10 నుంచి 30 శాతానికి పెంచింది. స్వదేశీ చిత్రకారులకు రక్షణ అన్నది చెప్పిన కారణం. విశేషమేమంటే ఆ చిత్రకారుల్లో చాలామందే ఈ రక్షణ తమకు వద్దన్నారు. పారిస్‌లోనూ మ్యూనిక్‌లోనూ చదువుకుని వచ్చినవారికి తమ గురువుల చిత్రాల మీద పన్ను వేయించడం సిగ్గుగా తోచింది. తరువాత సుంకం 1894లో తొలగి, 1897లో 20 శాతంగా తిరిగి వచ్చి, 1909లో ఇరవై ఏళ్ళు దాటిన చిత్రాలకూ శిల్పాలకూ మాత్రం పోయింది. జె.పి. మోర్గన్ లండన్‌లో దాచుకున్న తన సేకరణను అట్లాంటిక్ దాటించింది ఈ సవరణ తరువాతనే. పాతవాటికి స్వేచ్ఛ, కొత్తవాటికి పన్ను అన్న ఈ ఏర్పాటు కోటీశ్వరులకు సరిపోయింది, బతికి ఉన్న కళాకారులకు సరిపోలేదు. న్యూయార్క్ న్యాయవాది, ఆధునిక కళాసేకర్త జాన్ క్విన్ పట్టుబట్టి పనిచేయగా 1913 చట్టంలో సమకాలీన కళకు కూడా మినహాయింపు దక్కింది.

మినహాయింపు దక్కాక నిర్వచనం అవసరమైంది. 1916లో ఆలివొట్టి వ్యాజ్యంలో, పాలరాతితో చెక్కిన ఒక తొట్టి, ఆసనాలు శిల్పాలా కావా అన్న తగాదాను తీరుస్తూ సుంకపు అప్పీళ్ళ న్యాయస్థానం శిల్పమంటే ఏమిటో చెప్పింది. దాని సారాంశం: రాతిలో చెక్కి గాని మట్టిలో మలచి గాని, ప్రకృతిలోని రూపాలను, ముఖ్యంగా మానవాకృతిని, వాటి సహజమైన పొడవు వెడల్పు మందాలతో అనుకరించేదే శిల్పం. పనితనం ఎంత అందంగా ఉన్నా అలంకారం అలంకారమే. తరువాతి 1922 చట్టంలోని 1704వ పేరా మరికొన్ని షరతులు కూర్చింది: శిల్పం మౌలికమై ఉండాలి, వృత్తిశిల్పి చేసినదై ఉండాలి, ఉపయోగవస్తువు కారాదు. ఒక్కొక్క శిల్పానికి రెండు ప్రతికృతుల వరకు అనుమతి.

ఈ షరతులను హైదరాబాదులో అందరికీ తెలిసిన ఒక శిల్పానికి అన్వయించి చూస్తే వాటి వింత బోధపడుతుంది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న ‘ముసుగు రెబెక్కా’ ఇటాలియన్ శిల్పి జొవాన్ని మరియా బెంజోనిది. పాలరాతిలోంచి పలుచని మేలిముసుగు, దాని వెనుక ముఖం కనిపించేలా చేసిన అనుకరణనైపుణ్యం ఆలివొట్టి నిర్వచనానికి నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది. కాని బెంజోని కార్ఖానా ఆ విగ్రహాన్ని ఒకటి కాదు, అనేకంగా చేసింది. వాటిలో కొన్ని అమెరికా మ్యూజియంలలోనూ ఉన్నాయి. రెండు ప్రతికృతుల లెక్క పెడితే మూడో రెబెక్కా మీద సుంకం పడాలి, మొదటి రెబెక్కా మీద పడరాదు. చూసేవారికి రెంటి మధ్య తేడా తెలియదు.

హైదరాబాదు ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. సముద్రం లేని ఆ రాజ్యానికి సుంకశాఖ ఉండేది. దాన్ని ‘కరోడ్‌గిరి’ అనేవారు. 1802లో ఈస్టిండియా కంపెనీతో జరిగిన వర్తక సంధి నిజాముకు మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు ఇస్తూ, ఉభయ రాజ్యాల మధ్య సరుకు మీద 5 శాతం సుంకాన్ని స్థిరపరచింది. ‘కరోడ్‌గిరి నాకా’ అన్న పలుకుబడి తెలంగాణ పెద్దల నోట ఆ శాఖ పోయిన తరువాత కూడా వినిపించింది.

వంటసామాను పద్దులో పక్షి

1926 అక్టోబరులో ‘పారిస్’ అనే ఓడ న్యూయార్క్ చేరింది. రుమేనియాలో పుట్టి 1904 నుంచి పారిస్‌లో స్థిరపడిన బ్రాంకుసి (1876–1957) శిల్పాలు ఇరవైదాకా అందులో ఉన్నాయి. వెంట వచ్చినవాడు మార్సెల్ డ్యూషాంప్. బ్రమ్మర్ గ్యాలరీలో ప్రదర్శన ఏర్పాటై ఉంది. పెట్టెలు విప్పిన సుంకపు అధికారులకు గుడ్లవంటి, పలకలవంటి, జ్వాలలవంటి నున్నని రూపాలు కనిపించాయి. వాటిలో ఒకటి నాలుగున్నర అడుగుల ఎత్తున సన్నగా పైకి లేచిన మెరుగుకంచు. పేరు ‘అంతరిక్షంలో పక్షి’. రెక్కలు లేవు, ముక్కు లేదు, కాళ్ళు లేవు.

దాన్ని ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ అప్పటికే 600 డాలర్లకు కొన్నాడు. శిల్పమని ఒప్పుకుంటే సుంకం సున్న. అధికారులు దాన్ని లోహపు తయారీసామాను పద్దు కింద, అంటే వంటపాత్రలూ ఆసుపత్రి పరికరాలూ చేరే వరుసలో వేసి 40 శాతం విధించారు. ప్రదర్శన కోసం పూచీకత్తు మీద శిల్పాలను విడిచిపెట్టారు గాని, అమ్ముడైన వాటి మీద పన్ను తప్పదని 1927 ఫిబ్రవరిలో తేల్చి చెప్పారు. సుంకశాఖ సలహా అడిగిన కళాప్రముఖుల్లో ఒకరు, ఇది కళ అయితే ఇకమీద తాను తాపీమేస్త్రీనని అన్నట్టు ఆ శాఖాధికారే పత్రికలకు చెప్పాడు. బ్రాంకుసి ఊహకు మరీ ఎక్కువ వదిలేశాడన్నది వారందరి అభిప్రాయమట. ఊహకు వదలడం దోషమైతే మన ధ్వనివాదులందరూ ఆ రేవులో పన్ను కట్టవలసినవారే.

డబ్బు రెండు వందల డాలర్లకు కాస్త పైమాట. కాని గెర్ట్రూడ్ వాండర్‌బిల్ట్ విట్నీ ఖర్చు భరించగా బ్రాంకుసి పేరనే వ్యాజ్యం వేశారు. ‘బ్రాంకుసి వర్సెస్ యునైటెడ్ స్టేట్స్’ విచారణ 1927 అక్టోబరు 21న మొదలైంది.

విచారణలో తేలవలసినవి స్థూలంగా నాలుగు: చేసినవాడు వృత్తిశిల్పియా, వస్తువు మౌలికమా, ఉపయోగవస్తువు కాదా, అసలు శిల్పమేనా. ఉపయోగం మాట త్వరగానే తేలిపోయింది. ఆ కంచుతో ఏ పనీ చేయలేమని ఇరుపక్షాలూ అంగీకరించాయి. మౌలికత గురించి బ్రాంకుసి పారిస్‌లోనే వాఙ్మూలమిచ్చాడు. ఈ పక్షి భావన తనకు 1910 నాటిదనీ, పోతపోయించిన తరువాత గాలిరంధ్రాలను పూడ్చి, ఆకురాయితో అరగదీసి, సన్నని ఎమెరీతో మెరుగుపెట్టినదంతా తన చేతులతోనేననీ చెప్పాడు. పోత పోసినవాడు వేరన్న సంగతి అతని వాదాన్ని బలహీనపరచలేదు. బందరులో కరక్కాయ పట్టినవాడొకడు, కలం పట్టినవాడొకడు, కాలువలో ఉతికినవాడొకడు అయిన అద్దకానికి ఇలాంటి వాఙ్మూలం ఎవరిచ్చేవారు?

అసలు పోరు నాలుగో అంశం మీద. న్యాయమూర్తి వెయిట్ స్టైకెన్‌ను దీన్ని ఏమంటారని అడిగాడు. శిల్పి అన్నట్టే పక్షి అంటానన్నాడు స్టైకెన్. అడవిలో కనిపిస్తే తుపాకి పేలుస్తావా అన్న ప్రశ్న కూడా వచ్చింది. లేదన్నది జవాబు.

ఈ ప్రశ్న మన అలంకారశాస్త్ర విద్యార్థులకు కొత్తది కాదు. రససూత్రవ్యాఖ్యలో శ్రీశంకుకుడు చెప్పిన చిత్రతురగన్యాయం ఇలాంటి ప్రశ్నకే సమాధానం. బొమ్మలోని గుర్రాన్ని చూసినవాడు అది నిజమైన గుర్రమనుకోడు, గుర్రం కాదనుకోడు, అవునా కాదా అని సందేహించడు, గుర్రంలాంటిదని పోల్చుకోడు. ఆ నాలుగింటికీ భిన్నమైన ప్రతీతితో ‘గుర్రం’ అంటాడు. స్టైకెన్ ‘పక్షి’ అన్నది ఈ అర్థంలోనే. అయితే శంకుకుడు నిలబడినది అనుకృతి మీద, బొమ్మగుర్రానికి గుర్రపు రూపురేఖలున్నాయి కనుక. ఆ అనుకృతివాదాన్ని భట్టతౌతుడు, అతని శిష్యుడు అభినవగుప్తుడు ఖండించారు. న్యూయార్క్ న్యాయస్థానం కూడా శంకుకుని దగ్గర మొదలుపెట్టి అనుకృతిని వదిలించుకోవలసి వచ్చిందన్నది నా పరిశీలన. ఇందులో ప్రభావం వెతకవలసిన పని లేదు. ఒకే చిక్కు రెండు చోట్ల ఒకే దారి తొక్కించింది.

శిల్పి జేకబ్ ఎప్‌స్టైన్ సాక్ష్యం ఈ దారిని సుగమం చేసింది. యంత్రపనివాడు ఈ కంచును ఇంతే నున్నగా చేయలేడా అని ప్రభుత్వ న్యాయవాది అడిగితే, మెరుగు పెట్టగలడు గాని భావించలేడన్నాడు. తన సొంత సేకరణలోని ఒక ప్రాచీన ఈజిప్టు రాతిడేగను వెంట తెచ్చి చూపించాడు. క్రీస్తుకు మూడువేల ఏళ్ళ పూర్వపు ఆ డేగకూ ఈకలు చెక్కలేదు. అనుకృతి తగ్గించడం నిన్నమొన్నటి వెర్రి కాదనడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు. ప్రభుత్వం తరఫున శిల్పులు రాబర్ట్ ఎయిట్‌కెన్, థామస్ జోన్స్ సాక్ష్యమిచ్చారు. ఇది తనలో ఏ స్పందననూ కలిగించలేదని ఒకరు, మరీ అమూర్తమని మరొకరు అన్నారు.

1928 నవంబరు 26న వెయిట్ తీర్పు వెలువరించాడు. ఆలివొట్టి నిర్వచనం తరువాత కొత్తకళ అనబడే ఒక సంప్రదాయం పుట్టిందనీ, అది ప్రకృతిని అనుకరించడానికి బదులు అమూర్తభావాలను చూపడానికి యత్నిస్తున్నదనీ, ఆ భావాలు తమకు నచ్చినా నచ్చకపోయినా దాని ఉనికినీ ప్రభావాన్నీ కాదనలేమనీ అందులో రాశాడు. పక్షితో పోల్చుకోవడం కష్టమైనా, చూడ ముచ్చటగా ఉన్నది, అలంకారప్రాయంగా ఉన్నది, వృత్తిశిల్పి మౌలికసృష్టి – కనుక సుంకం లేదు. తీర్పు అమూర్తకళను అర్థం చేసుకున్నానని ఎక్కడా చెప్పలేదు. అర్థం కానిదాన్ని కూడా పద్దులోకి రానివ్వవచ్చునని మాత్రమే చెప్పింది. ఆ వినయమే దాని బలమని నేననుకుంటాను.

తీర్పు తరువాత

ఈ తీర్పుతో ఆధునిక శిల్పానికి తలుపు బార్లా తెరుచుకున్నదని కళాచరిత్ర పాఠ్యపుస్తకాలు రాస్తాయి. అది సగం నిజం. 1936లో న్యూయార్క్ ఆధునిక కళామ్యూజియం ‘క్యూబిజం అండ్ ఆబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్’ ప్రదర్శనకు ఐరోపా నుంచి తెప్పించిన శిల్పాల్లో 19ని సుంకశాఖ శిల్పాలుగా అంగీకరించలేదు. మళ్ళీ పూచీకత్తు మీదనే విడిపించుకోవలసి వచ్చింది. తీర్పు ఒక పక్షిని విడిపించింది గాని, గుమ్మంలో కూర్చున్నవాని అలవాటును మార్చలేదు.

ఎనభై ఏళ్ళ తరువాత ఐరోపాలో అదే ఆట కొత్త సామానుతో నడిచింది. లండన్‌లోని హాంచ్ ఆఫ్ వెనిసన్ గ్యాలరీ బిల్ వయోలా దృశ్యకృతులనూ డాన్ ఫ్లావిన్ ట్యూబులైట్ల కృతినీ దిగుమతి చేసుకుంటే, బ్రిటిష్ సుంకశాఖ వాటిని ప్రొజెక్టర్లుగా, దీపపు సామానుగా లెక్కవేసింది. 2008లో న్యాయాధికరణం గ్యాలరీ పక్షాన తీర్పిచ్చింది. ఐరోపా కమిషన్ 2010లో 731వ నియమంతో ఆ తీర్పును దాటి, సామాను కళాఖండం కాదనీ, అది వెలిగినప్పుడు కలిగే ఫలితమే కళ అనీ శాసించింది. ఫలితం పెట్టెలో రాదు కనుక పెట్టెలో వచ్చినదానికి పూర్తి పన్ను. 1926లో ద్రవ్యం రూపాన్ని మింగింది. 2010లో రూపాన్ని కళగా గుర్తించి ద్రవ్యం నుంచి విడదీసి మరీ పన్ను వేశారు. తర్కంగా చూస్తే రెండోదే ఎక్కువ తెలివైనది, ఎక్కువ ప్రమాదకరమైనది కూడా.

97వ అధ్యాయం – మన చేతిపని

1988 నుంచి ప్రపంచదేశాల్లో అధికభాగం బ్రస్సెల్స్‌లోని సుంకసంస్థ రూపొందించిన ఉమ్మడి వర్గీకరణను వాడుతున్నాయి, భారతదేశమూ వాడుతున్నది. అందులో 97వ అధ్యాయం కళాకృతులది. 9701 పూర్తిగా చేతితో వేసిన చిత్రాలకు, 9703 మౌలిక శిల్పాలకు, 9706 వందేళ్ళు దాటిన పురావస్తువులకు. అధ్యాయం మొదట్లోని వివరణల్లో ఒకటి, వాణిజ్యస్వభావం గల సాంప్రదాయిక హస్తకళాకృతులకు 9703 వర్తించదనీ, వాటిని కళాకారులే రూపొందించినా వర్తించదనీ అంటుంది. 9701 కూడా చేతితో రంగులద్దిన తయారీవస్తువులను బయట పెడుతుంది.

బ్రాంకుసి వ్యాజ్యం గెలిచిన మూడు అర్హతలు – ఒక్కడి భావన, ఒక్కడి చేయి, ఉపయోగరాహిత్యం – ఈ వివరణలో మరో వేషంలో కొనసాగుతున్నాయి. ఆధునిక శిల్పిని లోపలికి తెచ్చిన తలుపే కొండపల్లి బొమ్మను బయట నిలిపింది. తెల్లపొణికి కర్రతో చేసిన అంబారీ ఏనుగు 4420లో కర్ర అలంకారవస్తువుగానో 9503లో ఆటబొమ్మగానో వెళుతుంది. నిర్మల్ రంగులు వేసిన పళ్ళెం పళ్ళెమే అవుతుంది. చేర్యాల నకాషీ పటం గుడ్డమీద పూర్తిగా చేతితో వేసినది కనుక 9701 కింద వాదించే వీలుంది. అదే నకాషీ కళాకారుడు చేసిన ముఖపు బొమ్మకు ఆ వాదన చెల్లదు.

తేడా పుస్తకానికి పరిమితమైనది కాదు. 2025 ఆగస్టు 27న అమెరికా భారతదేశపు సరుకుల్లో అధికభాగం మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, కళాకృతులను సమాచారసామగ్రితో పాటు పాత చట్టం ప్రకారం మినహాయించారు. రెండు రోజుల తరువాత, 29న, 800 డాలర్లలోపు పొట్లాలకు ఉన్న సుంకరహిత ప్రవేశం కూడా పోయింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో దసరా బొమ్మల కొలువుకు కొండపల్లి నుంచి తెప్పించుకునే తెలుగు కుటుంబానికి ఆ నెలాఖరున పటం ఒక ధరకు, బొమ్మ మరో ధరకు వచ్చింది. ఒకే ఇంటి పనివారి కష్టం అందులో ఉన్నా సరే.

రవాణా ఖర్చు మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అది సుంకం లెక్కలోకి చాటుగా చేరుతుంది. అమెరికా సాధారణంగా వస్తువు బయలుదేరిన రేవు దగ్గరి విలువ మీద పన్ను వేస్తుంది. భారతదేశం వస్తువు ధరకు ఓడ కిరాయి, బీమా కలిపిన మొత్తం మీద వేస్తుంది. 2007 విలువ నిర్ధారణ నియమాల ప్రకారం కిరాయి ఎంతో తేలకపోతే ధరలో 20 శాతమనీ, బీమా తేలకపోతే 1.125 శాతమనీ లెక్కగడతారు. అంటే రాతి విగ్రహం తెప్పించుకున్నవాడు విగ్రహం బరువుకూ పన్ను కడతాడు. కాగితం మీది చిత్రం తెప్పించుకున్నవాడికి ఆ బాధ తక్కువ. మోటుపల్లి నాటి తూనిక ఇక్కడ మళ్ళీ తొంగిచూస్తుంది.

ఎగుమతి దిశలో 1972 నాటి పురావస్తు, కళాసంపద చట్టం (అమలు 1976 ఏప్రిల్ 5 నుంచి) వందేళ్ళు దాటిన వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదంటుంది. కాబట్టి గ్యారిక్ తెరలకు జోడు ఏదైనా బందరులోని ఒక పాత పెట్టెలో మిగిలి ఉంటే అది ఇక్కడినుంచి కదలదు. లండన్‌లో ఉన్నది మాత్రం ప్రపంచంలో ఎక్కడికి ప్రదర్శనకు వెళ్ళినా 9706 పద్దులో, పురావస్తువుగా గుమ్మం దాటుతుంది. నిన్న అదే ఊళ్ళో, అదే కరక్కాయతో, అదే కసిమితో అద్దిన కొత్త తెర 63వ అధ్యాయంలో, 6303 కింద, మిల్లు కర్టెన్ల సరసన వెళుతుంది.